నాలుగు రోజుల క్యాంపుతో మీవాడికి ఒరిగేదేమిటి?

ప్రశ్న: మా బాబుకు పదేళ్లు. ఐదో తరగతి. వచ్చే నెలలో స్కూలువాళ్లు పిల్లల్ని నాలుగు రోజుల క్యాంపుకు తీసుకెళ్తున్నారు. మూడు రాత్రులు టెంట్లలో పడుకోవాలి. పగలు నడక, వాగు దగ్గర సైన్సు పనులు, ఆటలు ఉంటాయట. వాడు ఇప్పటిదాకా మమ్మల్ని వదిలి ఒక్క రాత్రి కూడా ఉండలేదు. ఒకరోజు వెళ్తానంటాడు, మర్నాడు వద్దంటాడు. మావారేమో ‘పాఠాలు పోగొట్టుకుని ఆడుకోడానికి వెళ్లాలా’ అంటున్నారు. అత్తయ్యగారు వినగానే కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఫోన్లు తేకూడదని రూలు. ఇంకో సంగతి, బయట ఎవరికీ చెప్పనిది: వాడు ఇప్పటికీ నెలకు రెండు మూడుసార్లు పక్క తడుపుతాడు. ‘ఏడుపొస్తే చెప్పు, ఆ రాత్రికే వచ్చి తీసుకొచ్చేస్తా’ అని మాటిచ్చి పంపుదామనుకుంటున్నాను. అసలు ఈ క్యాంపుల వల్ల పిల్లలకు నిజంగా లాభం ఉందా, స్కూలువాళ్ల ఆర్భాటమేనా?
– ఓ తల్లి

సమాధానం: లాభం ఉందండీ, పంపండి. కానీ చివర్లో రాసిన ఆ మాట మాత్రం వాడికి ఇవ్వకండి. ఎందుకో కాస్త తర్వాత చెబుతాను, ముందు మీవారి సందేహం చూద్దాం.

పాఠాలు పోవడం గురించి ఆయన దిగులు అర్థం చేసుకోదగ్గదే. అయితే వాగు దగ్గర సైన్సు పని అంటే ఏం చేయిస్తారో ఒకసారి చూడండి. ఒడ్డు వెంట 10 మీటర్లు కొలిచి రెండు చివర్లా నీటికి అడ్డంగా తాళ్లు కడతారు. పైతాడుకు కాస్త ఎగువన ఒక ఎండుపుల్ల వదిలి, అది పైతాడు నుంచి కిందితాడు చేరడానికి ఎన్ని సెకన్లు పట్టిందో లెక్కపెడతారు. తాడు దగ్గరే వదిలితే పుల్ల ఇంకా నీటి వేగం అందుకోకముందే లెక్క మొదలైపోతుంది, పిల్లలు మొదటిసారి చేసే తప్పు అదే. పుల్ల ఒడ్డు పక్కన రాయికి తట్టుకుంటే ఆ లెక్క కొట్టేసి మళ్లీ చేయాలి. మూడుసార్లు చేసి సగటు తీస్తారు. 25 సెకన్లు వచ్చిందనుకోండి, వేగం సెకనుకు 0.4 మీటర్లు. వాగు వెడల్పు 2 మీటర్లు, ఐదు చోట్ల కర్ర దింపి చూస్తే సగటు లోతు 0.3 మీటర్లు. నీళ్లు పైన వేగంగా, అడుగున రాళ్లకు ఒరుసుకుంటూ నిదానంగా పోతాయి కాబట్టి, ఈ మూడూ గుణించగా వచ్చినదాన్ని మళ్లీ 0.85తో గుణించి తగ్గిస్తారు. అంటే సెకనుకు దాదాపు 0.2 ఘనపు మీటర్లు, 200 లీటర్లు. దశాంశాల గుణకారం మీద పిల్లలకుండే విసుగు అక్కడ కనిపించదు. సున్నా ఒకటి ఎక్కువైతే అంత చిన్న వాగులో రెండు వేల లీటర్లు ఎలా పారుతాయని వాళ్లలో వాళ్లే కొట్లాడుకుంటారు. జవాబు సరైందో కాదో చూడ్డానికి పుస్తకం వెనక పేజీ అక్కర్లేదు, వాగు ఎదురుగానే ఉంది.

అయినా, నన్నడిగితే క్యాంపు అసలు ప్రయోజనం సైన్సు కాదు, తాళ్లెక్కడాలూ కాదు. బడి పంచే ఫొటోల్లో అవే ఉంటాయి కాబట్టి మన కళ్లు వాటిమీదే నిలుస్తాయి. పదేళ్ల పిల్లవాడికి ఎక్కువ పనికొచ్చేవి ఫొటోకు ఎక్కనివి. స్నానం చేశాక తువ్వాలు ఎక్కడ ఆరేయాలి, సాక్సు ఒకటే దొరికితే రెండోది ఎక్కడ వెతకాలి, చలేస్తే అడక్కుండానే స్వెట్టర్ తీసి వేసుకోవాలని తోచడం, కడుపునొప్పిగా ఉందని పరాయి పెద్దవాళ్లకు నోరు తెరిచి చెప్పడం. ఇంట్లో ఇవన్నీ వాడికి తోచేలోపే మీరు చేసేస్తారు. మీ తప్పేం కాదు, పొద్దున్నే బస్సు టైముకి అలాగే కుదురుతుంది.

టెంటు వేయడం తీసుకోండి. నలుగురు పిల్లలకు ఒక టెంటు ఇస్తారు. తొందరపడేవాళ్లు తలుపు జిప్పు తెరిచి ఉంచి చుట్టూ మేకులు కొట్టేస్తారు. బట్ట రెండు పక్కలకూ లాక్కుపోయి తలుపు అంచులు దూరమవుతాయి. చీకటి పడ్డాక దోమలొస్తున్నాయని మూయబోతే జిప్పు కలవదు. బలవంతంగా లాగితే పళ్లు పోతాయి. అప్పుడు టార్చి వెలుగులో ముందు రెండు మేకులూ పీకి, జిప్పు మూసి, మళ్లీ కొట్టాలి. మేకు టెంటుకు అవతలివైపు వాలేలా ఏటవాలుగా కొట్టకపోతే గాలికి ఊడొస్తుందని కూడా ఆ రాత్రే తెలుస్తుంది. ఇక్కడ ఎవరూ వాణ్ని తిట్టలేదు, మార్కులు తగ్గించలేదు. తప్పు తనంతట తానే బయటపడింది, దిద్దుకునే వీలూ అక్కడే ఉంది. తరగతి గదిలో ఇలాంటి అవకాశం అరుదు. మంచి టీచరు అలాంటప్పుడు చేతులు కట్టుకుని పక్కన నిలబడతారు. అదే టెంటు సిబ్బందే వేసి, పక్కలు కూడా వాళ్లే పరిచి ఇస్తే అది విహారయాత్ర. తప్పు లేదు కానీ, దాన్నుంచి ఇవేవీ ఆశించకూడదు.

మరో లాభం స్నేహాలది. బడిలో ఎవరి స్థానం వాళ్లకు ఏడాది మొదట్లోనే స్థిరపడిపోతుంది: ఫస్టు వచ్చేవాడు, అల్లరివాడు, మాట్లాడనివాడు. క్యాంపులో కొలతలు మారతాయి. లెక్కల్లో వెనకబడ్డ పిల్ల ముడులు వేయడంలో అందరికీ నేర్పుతుంది. టీచర్లు కూడా పిల్లల్ని కొత్తగా చూస్తారు.

ఫోన్లు లేకపోవడం కూడా మేలే. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం లాస్ ఏంజెలెస్ పరిశోధకులు 2014లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, తెరలేవీ లేకుండా ఐదు రోజులు ఆరుబయలు క్యాంపులో గడిపిన 51 మంది పిల్లల్ని, ఆ రోజుల్లో మామూలుగానే ఉన్న 54 మందితో పోల్చారు. మొహాలు చూసి ఎదుటివాళ్ల మనసులో ఏముందో పోల్చుకోవడంలో క్యాంపు పిల్లలు ఎక్కువ మెరుగయ్యారు. తెరలు లేనందువల్లా, పొద్దస్తమానం తోటిపిల్లలతో కలిసి ఉన్నందువల్లా అన్నది ఆ ఒక్క అధ్యయనంతో తేలదు. మీవాడికి రెండూ దొరుకుతున్నాయి కాబట్టి మనకు పేచీ లేదు. 1997లో విద్యా పరిశోధకుడు జాన్ హ్యాటీ, ఆయన సహచరులు సాహస శిబిరాల మీద వచ్చిన 96 అధ్యయనాలను కలిపి చూశారు. ఆత్మవిశ్వాసం, తనను తాను అదుపులో పెట్టుకోవడం లాంటివి పెరగడమే కాక, తిరిగొచ్చాక కూడా నిలిచాయని తేల్చారు. అదే పరిశీలనలో ఇంకో రెండు విషయాలు కూడా ఉన్నాయి: క్యాంపుకూ క్యాంపుకూ ఫలితాల్లో చాలా తేడా ఉంది, ఎక్కువ రోజులు జరిగినవాటి ఫలితం ఎక్కువ. నాలుగు రోజులకే పిల్లవాడు మారిపోయి వస్తాడని ఎవరైనా చెబితే నమ్మకండి. ఒకటి రెండు అలవాట్లు, ‘నేను ఉండగలను’ అన్న ధైర్యం వస్తే చాలు, పెట్టిన ఖర్చు దక్కినట్టే.

ఇక మీరు ఇవ్వబోయిన మాట. ఇంటిమీద బెంగ పెట్టుకోవడం పిరికి పిల్లల జబ్బేం కాదు. 1995లో క్రిస్టఫర్ థర్బర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త క్యాంపులో ఉన్న మగపిల్లల్ని రోజూ అడిగి చూస్తే 83 శాతం మంది కనీసం ఒక్కరోజైనా బెంగపడ్డామన్నారు. అది తీవ్రంగా ఉన్నది కొద్దిమందిలోనే. ఆయనే ఎడ్వర్డ్ వాల్టన్‌తో కలిసి 2007లో అమెరికా పిల్లల వైద్యుల సంఘం కోసం రాసిన సూచనల్లో గట్టిగా వద్దన్నది ఇదే: బాగోకపోతే వచ్చి తీసుకొచ్చేస్తామన్న ఒప్పందం. ఆ మాట వినగానే పిల్లవాడికి అర్థమయ్యేది ‘నేను ఉండలేనని అమ్మకు ముందే తెలుసు’ అని. ఆ తర్వాత మొదటి సాయంత్రం గొంతులో ఏదో అడ్డంపడినట్టు అనిపించగానే, దాన్ని ఎలా దాటాలా అని ఆలోచించడు, అమ్మను ఎలా రప్పించాలా అని ఆలోచిస్తాడు. మీరు వెళ్లి తెచ్చేస్తే ఓడిపోయాననుకుంటాడు, వెళ్లకపోతే మాట తప్పినవాళ్లవుతారు.

దానికి బదులు ఇలా అనండి: ‘బెంగ వస్తుందిరా, దాదాపు అందరికీ వస్తుంది. ఎక్కువగా చీకటిపడేటప్పుడు, పడుకోబోయే ముందు వస్తుంది. వస్తే ఏం చేస్తావు?’ జవాబు వాడినే చెప్పనివ్వండి. పక్క టెంటువాడితో మాట్లాడతానంటాడో, టీచరుతో చెబుతానంటాడో, ఇంకా రెండు రాత్రులే కదా అని లెక్కపెట్టుకుంటానంటాడో. రెండు ఉపాయాలు చాలు. ఇంటి నుంచి చిన్న వస్తువేదైనా, జేబురుమాలో పాత బొమ్మో, తీసుకెళ్తానంటే వద్దనకండి. ‘నువ్వు లేకపోతే ఇల్లు బోసిపోతుంది’ లాంటి మాటలు మాత్రం వాడి ముందు రాకూడదు. అత్తయ్యగారికి ఈ సంగతి మీరు చెబితే కోడలి మాటవుతుంది, మీవారి చేత చెప్పించండి. బస్సు దగ్గర వీడ్కోలు క్లుప్తంగా ఉండాలి. కిటికీ పట్టుకుని పావుగంట నిలబడితే మీ మొహంలోని దిగులంతా వాడు చదివేస్తాడు.

రాత్రి ఫోన్ చేయించమని టీచర్లను ఒత్తిడి చేయకండి. పగలంతా బాగానే ఉన్న పిల్లలు అమ్మ గొంతు వినగానే బావురుమంటారు. ఫోన్ పెట్టేశాక మీకు నిద్ర ఉండదు, వాడికీ ఉండదు. పిల్లలందరూ క్షేమమని రోజుకొక్క కబురు పంపే టీచరు ఒకరుంటే సరిపోతుంది.

ఇంకా నెల రోజులు ఉంది కాబట్టి ఒక రిహార్సల్ చేయండి. పిన్ని ఇంట్లోనో మేనత్త ఇంట్లోనో రెండు రాత్రులు ఉంచండి, మీరు వెళ్లకుండా, ఫోన్ లేకుండా. ఒక్క రాత్రి చాలదు, ఎందుకంటే మొదటి రాత్రి కొత్త సరదాలో గడిచిపోతుంది. అసలు పరీక్ష రెండోది. తిరిగొచ్చాక ఏది కష్టమైందో అడిగితే, ఇంటి దగ్గర ఏం నేర్పాలో మీకే తెలుస్తుంది. తలస్నానం తనంతట తానే చేసుకోవడం, లేసులు కట్టుకోవడం, చీకట్లో టార్చి పట్టుకుని బాత్‌రూమ్‌కి వెళ్లి రావడం, తడిబట్టల్ని పొడిబట్టల్లో కలపకపోవడం. ఈ నాలుగూ వస్తే చాలావరకు గట్టెక్కినట్టే.

బ్యాగు వాడే సర్దాలి. ఇది ముచ్చట కోసం చెప్పడం లేదు. మీరు సర్దితే ఏ వస్తువు ఎక్కడుందో వాడికి తెలియదు, ఉన్న బట్టలే కనిపించక మురికి చొక్కాతోనే నాలుగు రోజులూ గడిపేస్తాడు. జాబితా ఇచ్చి మీరు పక్కన కూర్చోండి. ఒక్కో రోజు బట్టల్ని, లోదుస్తులతో సహా, చుట్టచుట్టి విడివిడి కవర్లలో పెట్టించండి. అదనంగా ఒక జత, విడిచిన బట్టలకు రెండు పెద్ద ఖాళీ కవర్లు. అన్నింటిమీదా పేరు రాయించండి, పారగన్ చెప్పులైనా సరే. నడకకు వేసుకునే బ్యాగు బరువు వాడి బరువులో 10 నుంచి 15 శాతం దాటకూడదు, అంటే 30 కిలోల పిల్లవాడికి మూడు నుంచి నాలుగున్నర కిలోలు. అందులో లీటరు నీళ్లే కిలో తూగుతాయని మర్చిపోకండి. క్యాంపు కోసమని ముందురోజు కొత్త బూట్లు కొనడం అందరూ చేసే పనే, రెండో రోజు మడమ బొబ్బలతో కుంటేది కూడా వాళ్లే. కొంటే ఇప్పుడే కొని రెండు వారాలు తొడిగించండి. జీన్స్ వద్దు. తడిస్తే బరువెక్కుతుంది, పొద్దుపోయినా ఆరదు, చలి పట్టిస్తుంది.

పక్క తడిపే సంగతి మీరు దాచుకోవలసినది కాదు. పదేళ్ల పిల్లల్లో దాదాపు 20 మందిలో ఒకరికి ఇది ఉంటుంది కాబట్టి, పెద్ద బృందమైతే మీవాడొక్కడే కాకపోవచ్చు. తీసుకెళ్లే టీచర్లలో ఒకరికి, వాడికి చనువున్నవారికి, ముందే విడిగా చెప్పండి. పడుకునే ముందు ఒకసారి, పెద్దవాళ్లు పడుకునే వేళకు మరోసారి నెమ్మదిగా లేపి పంపమనండి. ముదురు రంగు నిక్కరు, మార్చుకోడానికి ఇంకొకటి, ఒక కవరు స్లీపింగ్ బ్యాగు లోపలే కాళ్ల దగ్గర ఉంచుకుంటే చీకట్లో ఎవరికీ తెలియకుండా మార్చుకోవచ్చు. ఈ పని ఇంట్లో రెండుసార్లు లైటు ఆర్పి చేయించి చూడండి.

భయపడి పగలు నీళ్లు తగ్గించకండి. ఎండలో నడిచే పిల్లలకు అది ప్రమాదం. నీళ్లు తగ్గితే మలబద్ధకం వస్తుంది, కొత్త మరుగుదొడ్డికి వెళ్లనని బిగబట్టుకుంటే ఇంకా ఎక్కువవుతుంది. పేగు నిండి మూత్రాశయాన్ని నొక్కడంతో పక్క తడపడం పెరుగుతుంది. చాలామందికి తెలియని లంకె ఇది. కాబట్టి పగలంతా బాగా తాగి, రాత్రి పడుకునే గంట ముందు నుంచి తగ్గిస్తే చాలు. ఇలాంటి ప్రయాణాలకు వైద్యులు కొందరు పిల్లలకు డెస్మోప్రెసిన్ అనే, రాత్రి మూత్రం తయారవడాన్ని తగ్గించే మాత్ర రాస్తారు. కావాలంటే ఇప్పుడే పిల్లల వైద్యుణ్ని కలవండి, ఎందుకంటే అది మీవాడికి పనిచేస్తుందో లేదో, ఎంత మోతాదు కావాలో ఇంట్లో ముందే తేలాలి. ఆ మాత్ర వాడితే వేసుకునే గంట ముందు నుంచి తర్వాత ఎనిమిది గంటల దాకా నీళ్లు చాలా పరిమితంగా తాగాలి. లేకపోతే ఒంట్లో నీరు నిలిచి రక్తంలో సోడియం పడిపోయి ఫిట్స్ దాకా వెళ్లవచ్చు. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజు అది వేయకూడదు. ఈ రెండు ముక్కలూ కాగితం మీద రాసి, మాత్రలు అసలు డబ్బాలోనే పెట్టి టీచరుకివ్వండి.

ఇవన్నీ మీ వైపు పనులు. స్కూలువాళ్లను కూడా కొన్ని అడగాలి. నేనైతే మొదట అడిగేది రాత్రి గురించి: పిల్లలు పడుకున్నాక మెలకువగా ఉండేదెవరు, భయమేసినవాడు ఎవరి టెంటుకు వెళ్లాలి, ఆ టెంటు ఎక్కడుందో పిల్లలకు వెలుతురుండగానే చూపిస్తారా? దీనికి తడుముకోకుండా జవాబు వస్తే మిగతా ఏర్పాట్లు కూడా బాగుండే అవకాశం ఎక్కువ. ఎంతమంది పిల్లలకు ఒక పెద్దవారు ఉంటారు? అమెరికన్ క్యాంప్ అసోసియేషన్ ప్రమాణాల్లో రాత్రి బస ఉండే క్యాంపుల్లో 9 నుంచి 14 ఏళ్లవారికి ప్రతి 8 మందికి ఒకరు ఉండాలి. 20 మందికి ఒకరు అంటే నాకు నచ్చదు. బయటి సిబ్బంది ఎవరైనా ఒక పిల్లవాడితో ఒంటరిగా ఉండే పరిస్థితి రాకుండా ఏం చేస్తున్నారు, స్నానాలకు, బట్టలు మార్చుకోడానికి చాటు ఉందా అని మొహమాటం లేకుండా అడగండి. వాహనం నాలుగు రోజులూ అక్కడే ఉంటుందా, దింపేసి వెళ్లిపోతుందా? నీళ్లలో ఆటలుంటే, ఇంకే పనీ లేకుండా నీళ్లనే చూస్తూ ఉండేవాళ్లు వేరుగా ఉన్నారా? ఉరుము వినిపిస్తే ఏం చేస్తారు? పక్కా కట్టడంలోకో, మూసి ఉండే బస్సులోకో పిల్లల్ని చేర్చి, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగుతామని చెప్పాలి. టెంటు పిడుగుకు రక్ష కాదు.

కార్యక్రమాల పట్టిక కూడా ఒకసారి అడిగి చూడండి. పొద్దున్నుంచి రాత్రి దాకా జట్ల మధ్య పోటీలు, పాయింట్లే ఉంటే నాకు కొంచెం అనుమానం. 1954లో ముజఫర్ షెరీఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అమెరికాలో రాబర్స్ కేవ్ అనే చోట 22 మంది అబ్బాయిలతో క్యాంపు నడిపి, రెండు జట్లు చేసి పోటీలు పెట్టారు. కొద్ది రోజులకే ఒకరి జెండాలు ఒకరు తగలబెట్టుకుని, బసల మీద దాడులు చేసుకున్నారు. కలిపి కూర్చోబెట్టినంత మాత్రాన ఆ పగ పోలేదు. ఆగిన నీటి సరఫరాను, కదలని ట్రక్కును అందరూ కలిసి సరిచేయాల్సి వచ్చాకే తగ్గింది. అందుకే పట్టికలో వంతులవారీ పనులు ఉన్నాయా, రోజుకు గంటైనా ఖాళీ సమయం ఉందా అని చూడమంటాను. ఖాళీ గంటలోనే పిల్లలు తమ ఆటలు తాము కనిపెడతారు.

కొన్నిసార్లు పంపకపోవడమే మేలు. ఇంట్లో ఈమధ్యే ఎవరైనా పోయినా, తల్లిదండ్రులు విడిపోతున్నా, వాణ్ని ఏడిపించే పిల్లలతోనే టెంటు పంచుకోవాల్సి వచ్చి బడి దాన్ని మార్చనంటున్నా ఈసారికి మానేయండి. అవేవీ లేకుండా రోజుకో మాట అంటున్నాడంటే అది పదేళ్ల పిల్లలకు మామూలే. పేరు ఇవ్వాల్సిన గడువుకు రెండు రోజుల ముందు ఒకే ఒక్కసారి కూర్చోబెట్టి, రిహార్సల్ ఎలా జరిగిందో గుర్తుచేసి అడగండి. అప్పుడు వెళ్తానంటే, మళ్లీ ఆ చర్చ ఎత్తకండి. గట్టిగా వద్దంటే బలవంతంగా బస్సెక్కించకండి. టీచరుకు ఆ వారంలోనే చెప్పి, వచ్చే ఏడాదిలోపు ఇంకో రెండుసార్లు చుట్టాలింట్లో ఉంచి చూడండి. వెళ్లొస్తే మాత్రం మొదటి రోజు నిద్రపోనివ్వండి, ‘ఏడ్చావా’ అని అడగకండి, బ్యాగు వాడి చేతే ఖాళీ చేయించండి.